మూడు ఖాళీ జూన్‌లు

అనసూర్య మేడానికి కడుపుమంట మొదలైంది ఒక గీతను చూసి. పట్టుచీర చూసి కాదు, పక్కింటివాళ్లు రెండో అంతస్తు లేపారని కాదు. కాలేజీ సెమినార్ హాల్లో గోడ మీద పడ్డ ఒక నీలం గీతను చూసి. యాభై రెండేళ్ల మనిషి, కరీంనగర్‌లో డిగ్రీ పిల్లలకు రాజనీతిశాస్త్రం చెప్పే మనిషి, పదవీ వ్యామోహం ఎంత చెడ్డదో ఏటా మూడు క్లాసులు తీసుకునే మనిషి, ఒక గీతను చూసి కుళ్లుకుందంటే ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వేముందు ఆ గీత ఎవరిదో కూడా వినాలి మరి.

ఆ గీతలోని చుక్కలన్నీ ఆమెవే. ఒక్కో చుక్క ఒక్కో నెల. ఆ నెలలో పాత ఆదిలాబాద్ జిల్లాలో ఎన్ని ధర్నాలయ్యాయి, ఎన్ని రాస్తారోకోలయ్యాయి, ఎన్నిచోట్ల ఊరూ ఊరూ కొట్టుకున్నాయి అన్న లెక్క. ఇరవై అయిదేళ్ల లెక్క, పదకొండు లాంగ్ నోట్‌బుక్కుల లెక్క, అంతా ఆమె చేతిరాత.

మంథనిలో పుట్టి పెరిగిన అనసూర్య 2001లో ఆదిలాబాద్ జిల్లా జైనూర్‌లో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరింది. గోదావరి ఒడ్డు పిల్లకు ఆ గుట్టలు, ఆ అడవి, పొద్దున తప్పిపోతే మళ్లీ సాయంత్రానికిగానీ రాని బస్సు, అన్నీ కొత్తే. చేరిన కొత్తలోనే ఒకరోజు క్లాసు సగం ఖాళీ. ఏమైందని అడిగితే మొర్రిగూడకూ వాగొడ్డుకూ కొట్లాట అయిందన్నారు. మొర్రిగూడ ఆదివాసీల గూడెం. అక్కడి పశువులు అడవికి పోయే బాటకు రెండు వైపులా వాగొడ్డు రైతుల పత్తి చేలు. ఏటా బాట కాస్త సన్నబడుతుంది, ఏటా పశువులు కాస్త పత్తిలోకి దిగుతాయి. ఇక చెప్పేదేముంది.

అనసూర్య రెండు ఊళ్లకూ పోయి అడిగింది. ఎందుకు కొట్టుకున్నారంటే తలా ఒక మాట చెప్పారు. మూడు నెలలు పోయాక మళ్లీ అడిగితే ఎప్పుడు కొట్టుకున్నారో కూడా ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఆమెకు ఒళ్లు మండింది. మనుషుల తలలు పగిలిన తేదీ కూడా యాదికి లేకపోతే ఇక ఏం రాజనీతి, ఏం శాస్త్రం? ఆ సాయంత్రమే ఒక నోట్‌బుక్ కొని అయిదు గళ్లు గీసింది. తేదీ, ఊరు, ఎవరికీ ఎవరికీ, దేని మీద, ఎందరికి దెబ్బలు.

ఆ గళ్లు మళ్లీ ఆమెను వదల్లేదు. 2007లో కరీంనగర్ మారినా ఆదిలాబాద్ పేజీలున్న పేపర్ పట్టుబట్టి తెప్పించుకునేది. పాత శిష్యులకు ఫోన్లు చేసి వార్త నిజమో కాదో సరిచూసుకునేది. 2018 జూన్‌లో వాళ్లవ్వ పోతే, దినాల నడుమ కూడా పేపర్ చూసింది. చుట్టాలు చూసి ముక్కున వేలేసుకున్నారు. గొడవ అయినరోజు రాసేది, కానిరోజు ఏమీ రాసేది కాదు. ఖాళీ అంటే నిమ్మళం. అదీ ఆమె పద్ధతి. ఆ పద్ధతి ఏమిటని అడిగినవాళ్లు లేరు, ఎందుకంటే ఆ పుస్తకాలు తెరిచి చూసినవాళ్లే లేరు.

పీహెచ్‌డీ చేద్దామని పోతే మొదటి గైడు రిటైరయ్యాడు. రెండో గైడు నాలుగు పేజీలు తిప్పి "ఇవి వార్తలమ్మా, పరిశోధన కాదు" అని పుస్తకం మూసి చేతికిచ్చాడు. స్టాఫ్‌రూములో 'గొడవల మేడం' అని పేరు పడింది. భర్త ఎల్లేశం గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజరు. మంచివాడే, కానీ ఆ పుస్తకాల పెట్టెను సజ్జ మీదికి ఎక్కిద్దామని ఏటా దసరాకు ముందు ఒకసారి అడిగేవాడు. ఇరవై అయిదేళ్లు ఆమె ఆ పెట్టెకు కాపలా కాసింది.

అప్పుడొచ్చింది వనిత.

ముప్పై ఒక్క ఏళ్ల పిల్ల. గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడి బిడ్డ. స్టాటిస్టిక్స్ చెప్పడానికి కాలేజీలో చేరింది. ఒకరోజు ఖాళీ పీరియడ్‌లో అనసూర్య నోట్‌బుక్ తెరిచి, పది నిమిషాలు నోరెత్తకుండా పేజీలు తిప్పి, "మేడం, ఇది బంగారం" అన్నది. అంతే. ఇరవై అయిదేళ్లలో ఆ మాట అన్న మొదటి మనిషి. అనసూర్య బాత్‌రూముకు పోయి కళ్లు కడుక్కుని వచ్చింది.

ఆ ఎండాకాలమంతా ఇద్దరూ కూర్చున్నారు. అనసూర్య చదవడం, వనిత ల్యాప్‌టాప్‌లో కొట్టడం. మధ్యాహ్నం అనసూర్య ఇంట్లోనే మామిడికాయ పప్పూ, చల్లచారూ. వనిత అన్నం కలుపుకుంటూ తన శాస్త్రం చెప్పేది.

"దీన్ని కాలశ్రేణి అంటం మేడం. మూడు పోగులు పేనినట్టు ఉంటది. ఒకటేమో ఏండ్లకేండ్లు మెల్లగ ఎక్కేది, దిగేది. ఇంకోటి ఏటేటా అదే కాలానికి తిరిగొచ్చేది. ఈ రెండు తీసేస్తే మిగిలింది మూడోది, అది ఎవ్వలికీ అందది. మొదటి రెండూ దొరికితే మాత్రం ముందట ఏమైతదో జర చెప్పొచ్చు."

"ఏం చెప్తవు? ఎవలు ఎవల్ని కొడ్తరో చెప్తవా?"

"ఎవలో చెప్పలేం. ఎప్పుడో, ఎటుదిక్కో చెప్పొచ్చు."

అనసూర్య మురిసిపోయింది. తన బిడ్డే చెబుతున్నట్టు వినేది. ప్రేమ లేనిచోట ఈర్ష్య పుట్టదు. ఇక్కడ మొదట పుట్టింది ప్రేమే.

తర్వాత సెమినార్. ప్రిన్సిపాల్ రాజం సార్ అధికారులను పిలిచాడు. వనిత లేత పచ్చ చీర కట్టుకుని గోడ మీద నీలం గీత వేసింది. ఇదిగో ఈ ఎత్తులు వానాకాలం మొదట్లో, ఇదిగో ఈ ఎత్తులు ఎన్నికల ముందర అని చెబుతుంటే అధికారులు రాసుకుంటున్నారు. అనసూర్య మొదటి వరసలో కూర్చుని తన పేరు కోసం చూసింది. చివరి స్లైడులో వచ్చింది. 'సహకారం: అనసూర్య మేడం, రంజిత్.' రంజిత్ అంటే ప్రొజెక్టర్ బిగించిన అతను.

ఇరవై అయిదేళ్ల పని, అర్ధగంట ప్రొజెక్టర్ పని, రెండూ ఒకే వరసలో, నడుమ ఒక కామా. అందరూ చప్పట్లు కొట్టారు. అనసూర్య కూడా కొట్టింది, కొట్టక చస్తుందా.

వనితకు ఆ స్లైడు రాత్రికి రాత్రి హడావిడిగా చేసిన స్లైడు. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. కానీ అది అనసూర్యకు ఎందుకు తోస్తుంది? సొమ్మొకడిది సోకొకడిది అన్న సామెత తన కోసమే పుట్టిందనుకుంది.

ఆ చలికాలం పంచాయతీ ఎన్నికలు వచ్చాయి. నామినేషన్లకు ముందు మూడు వారాలు ఫలానా నాలుగు మండలాల్లో ధర్నాలు పెరుగుతాయని వనిత లెక్క చెప్పింది. అచ్చంగా పెరిగాయి. పేపర్లో వనిత ఫోటో పడింది, 'గొడవలను ముందే పసిగట్టే అధ్యాపకురాలు' అని. అనసూర్య ఆ వార్తను చదివింది. మళ్లీ చదివింది. తన పేరు ఎక్కడా లేదు. ఇరవై అయిదేళ్లుగా ప్రతి వార్తనూ కత్తిరించిన కత్తెర ఆ రోజు సొరుగులోంచి బయటికి రాలేదు.

ఆనాటి నుంచి ఆమె కళ్లల్లో నిప్పులు పోసుకుంది. వనిత ఫోన్ మోగితే ఎవరు చేశారోనని చెవి అటు వేసేది. రాజం సార్ గదిలోకి వనిత పోతే ఎంతసేపు ఉన్నదో గడియారం చూసేది. పిల్లలు "వనిత మేడం క్లాస్ సూపర్" అంటే ఆ పిల్లల అటెండెన్స్ తక్కువన్న సంగతి గుర్తొచ్చేది. వనిత చల్లచారు కోసం ఇంటికొస్తానంటే "పెరుగు లేదు" అని చెప్పింది. ఫ్రిజ్ నిండా పెరుగే.

"ఏందే, ఆ పిల్ల రావట్లేదు?" అని ఎల్లేశం ఒకనాడు అడిగాడు.

"పెద్దదైంది గద. మనతోని ఏం పని? ఏరు దాటినంక తెప్ప తగలేసుడే."

"నీకు ఓర్వలేనితనం పట్టింది."

"నాకా? మీకేం ఎర్కని మాట్లాడుతున్నరు?"

"ఉన్నమాటంటే ఉలుకెక్కువ" అని ఎల్లేశం టీవీ వైపు తిరిగాడు. ఆమె ఆ పూట అన్నం తినలేదు. ఓర్వలేనితనమని తనకూ తెలుసు. తెలిసినంత మాత్రాన పోయే రోగమా అది?

మే నెలలో అసలు సంగతి వచ్చింది. వానాకాలం గొడవల అంచనా ఇవ్వమని అధికారులు వనితను అడిగారు. ఇస్తే దాన్ని బట్టి ఎక్కడ బందోబస్తు పెట్టాలో, ఎక్కడ ముందుగా రెండు ఊళ్లనూ కూర్చోబెట్టి మాట్లాడాలో చూసుకుంటామన్నారు. జైనూర్ వైపు లెక్క తీస్తుంటే వనితకు మూడు చోట్ల అడ్డం తగిలింది. ల్యాప్‌టాప్ పట్టుకుని స్టాఫ్‌రూముకు వచ్చి అనసూర్య పక్కన కూర్చుంది.

"మేడం, ఆ దిక్కు ప్రతి జూన్‌లనూ ఆరో ఏడో గొడవలు ఉన్నయి. 2007, 2015, 2018, ఈ మూడు జూన్‌లు మాత్రం కాళీగున్నయి. ఒక్కటి కూడా లేదు. 2007ల మీరు ఇటు మారిండ్లు. 2018ల అవ్వ పోయింది అన్నరు. అప్పుడేమన్న రాయుడు మరిచిపోయిండ్లా?"

ఆ పిల్ల అడగడంలో తప్పు లేదు. అడగాల్సిందే అడిగింది. ఖాళీ అంటే గొడవ లేనట్టా, రాసిన మనిషి లేనట్టా అన్నది ఆ శాస్త్రంలో మొదటి ప్రశ్న. గొడవ లేనట్టయితే అది సున్నా, సున్నాకు ఒక కారణం ఉంటుంది, వెతకాలి. రాయనట్టయితే మిగతా ఏళ్ల సగటు తీసి ఆ ఖాళీని పూడ్చుకోవచ్చు.

అనసూర్యకు ఆ కారణం అరచేతిలో గీతలా తెలుసు. ఆ మూడేళ్లూ అధికమాసం వచ్చి ఆషాఢం వెనక్కి జరిగిన ఏళ్లు. మొర్రిగూడలో ఆషాఢంలో అకాడి అని అడవి దేవతకు పూజ చేస్తారు. ఆ పూజ అయ్యేదాకా పశువులను అడవిలోకి తోలరు. తోలకపోతే ఆ బాట తొక్కరు, బాట తొక్కకపోతే పత్తి చేల గొడవ లేదు. ఆషాఢం ముందు వచ్చిన ఏడాది జూన్‌లోనే కొట్టుకుంటారు, వెనక్కి జరిగిన ఏడాది జూలైలో కొట్టుకుంటారు. కంప్యూటర్ ఇంగ్లిషు నెలలు లెక్కపెడుతుంది. మొర్రిగూడ నెలవంకను చూస్తుంది. ఈ సంగతి ఆమె మొదటి బ్యాచ్ శిష్యుడు కుమ్ర లింబారావు ఎప్పుడో చెప్పాడు. తర్వాత పంచాంగం ముందు పెట్టుకుని ఏడాది ఏడాదికీ ఆమే సరిచూసుకుంది. నోట్‌బుక్కుల్లో ఎక్కడా రాయలేదు. ఉన్నవన్నీ ఇచ్చేసింది, ఇదొక్కటే ఆమె దగ్గర మిగిలింది. ఈ ఏడు కూడా అధిక జ్యేష్ఠమే.

నోటి చివరిదాకా వచ్చింది మాట. అదే సమయానికి వనిత ఫోన్ మోగింది. వనిత "సార్, రెండు నిమిషాలల్ల చేస్త సార్, అంచనా మీదనే ఉన్న" అని నవ్వుతూ చెప్పి ఫోన్ పెట్టింది. అనసూర్య మాట గొంతులోకి దిగిపోయింది. మరిచిపోయిండ్లా అన్న ప్రశ్న పైకి వచ్చి కూర్చుంది. నన్ను, నన్ను అడుగుతావా మరిచిపోయానా అని? అవ్వ దినాల్లో కూడా పేపర్ చూసిన మనిషిని?

"ఏమో. మరిచిపోయిన్నేమో" అన్నది.

చూడండి, అసూయ ఎంత పాడుదో. పరాయి పిల్లను పడగొట్టడానికి తన ఇరవై అయిదేళ్ల చేతిరాతను తానే అబద్ధం చేసింది. వేరే ఎవరైనా ఆ పుస్తకాల్లో ఒక తేదీ తప్పంటే మీద పడి రక్కే మనిషి.

వనిత ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసింది. "సరే మేడం, అయితె సగటుతోని పూడుస్త" అని లేచిపోయింది.

అంచనా వెళ్లింది. జైనూర్ వైపు జూన్ పది నుంచి నెలాఖరు దాకా జాగ్రత్త అని. పోలీసులు మొర్రిగూడ బాట మీద డేరా వేశారు. ఊరి పెద్దలను రెండుసార్లు పిలిచి కూర్చోబెట్టారు. వానలు పడ్డాయి, పత్తి మొలిచింది. మొర్రిగూడ పశువులు కొట్టాల్లోనే ఉన్నాయి. ఇరవై రోజులు డేరా కింద కూర్చున్న వాళ్లకు దోమలు కుట్టడం తప్ప ఏమీ జరగలేదు. జూలై మొదట్లో డేరా ఎత్తేశారు.

కాలేజీలో వనిత ముఖం చిన్నబోయింది. "ఏమమ్మా, కంప్యూటర్ జ్యోతిష్యం తప్పిందంట గద" అని స్టాఫ్‌రూములో ఒకరు అన్నారు, నలుగురు నవ్వారు. అనసూర్య నవ్వలేదు. పుస్తకంలోకి తల వంచింది, లోపల మాత్రం పండుగ. ఆ సాయంత్రం కోర్టు చౌరస్తా దగ్గర ఆటో ఆపించి అరకిలో బాలూషాహి కొన్నది.

"ఏం ఖుషీ ఇయ్యాల?" అన్నాడు ఎల్లేశం, ఒకటి నోట్లో వేసుకుంటూ.

అనసూర్యకు ఆగలేదు, అంతా చెప్పింది. అధికమాసం, అకాడి, ఖాళీ జూన్‌లు, మరిచిపోయిన్నేమో అన్న మాట. ఇరవై నాలుగో తారీఖున అధికారులతో మళ్లీ సమావేశం ఉందని, అక్కడ తానే లేచి, తన చేత్తో గీసిన గ్రాఫు పరిచి, అందరి ముందర చెబుతానని చెప్పింది. అప్పుడు తెలుస్తుంది ఎవరి సొమ్మో, ఎవరి సోకో.

ఎల్లేశం నమలడం ఆపాడు. "ఇయ్యాలే ఫోన్ చేసి చెప్పు."

"ఇన్నేండ్లు ఆగిన. పదిహేను రోజులు ఆగలేనా?"

"నువ్వు ఆగుతవు. వాళ్లు ఆగుతరా?"

"గా ఫికర్ నాకు లేదా? రేపు లింబారావును అడుగుత."

అడిగింది కూడా. జూలై పదిన ఫోన్ చేసింది. లింబారావు ఇప్పుడు ఆశ్రమ పాఠశాలలో టీచరు, ఉండేది మొర్రిగూడలోనే. ఈసారి అకాడి ఎప్పుడని అడిగితే, నెలవంక కనబడ్డాక పెద్దలు కూర్చుని చెబుతారని, పున్నమి దాటాకే ఉండొచ్చని అన్నాడు. పున్నమి ఇరవై తొమ్మిదిన. సమావేశం ఇరవై నాలుగున. అనసూర్య మనసు కుదుటపడింది. ఇంకా అయిదు రోజులు మిగులుతాయి, డేరా మళ్లీ వేయడానికి అంత చాలు. రోజూ సాయంత్రం గ్రాఫు కాగితం మీద ఎర్ర స్కెచ్ పెన్నుతో ఆషాఢాలు గుర్తు పెట్టుకుంటూ కూర్చుంది. సమావేశంలో మొదటి వాక్యం ఏమనాలో అద్దం ముందు నాలుగు రకాలుగా అని చూసుకుంది. ఒకదానిలో వనిత పేరు ఉంది, దాన్ని తీసేసింది.

మొర్రిగూడ పెద్దలు అనసూర్య సమావేశం తేదీ చూసుకుని పండుగ పెట్టుకోరు కదా. ఈసారి వానలు బాగా కురిశాయి, అడవిలో గడ్డి మోకాలెత్తు పెరిగింది, కొట్టాల్లో పశువులకు ఎండుగడ్డి అయిపోయింది. నెలవంక కనబడ్డ అయిదో రోజునే, ఆదివారం నాడు, అకాడి కానిచ్చేశారు. సోమవారం పొద్దున పశువులను బాట పట్టించారు. నెలరోజులు పెరిగిన పత్తి బాటను సగం మింగి ఉంది. జూన్‌లో అయితే తొక్కినా రెండాకుల మొలక, మళ్లీ విత్తుకుంటారు. ఇప్పుడు మోకాలెత్తు పత్తి. వాగొడ్డు రైతులు కర్రలు పట్టుకుని వచ్చారు. డేరా లేదు, పోలీసు లేడు, కూర్చోబెట్టి మాట్లాడేవాడు లేడు.

పదకొండు మందికి దెబ్బలు తగిలాయి. వాగొడ్డు రైతు ఒకాయనకు రెండు చేతులూ విరిగాయి. నడుమ నిలబడి రెండు వైపులా ఆగమని అరిచిన లింబారావుకు తల పగిలింది, కుడి కన్ను మీద కర్ర పడింది. కరీంనగర్ ఆసుపత్రికి తెచ్చారు.

అనసూర్యకు పేపర్ చూసే తెలిసింది. ఇరవై అయిదేళ్ల అలవాటు, చేయి నోట్‌బుక్ కోసం పోయింది. తేదీ రాసింది, ఊరు రాసింది. ఎందరికి దెబ్బలు అన్న గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. పెన్ను అక్కడే పడేసి, చెప్పులు వేసుకుని ఆటో ఎక్కింది.

వార్డులో లింబారావు మంచం పక్కన వనిత అప్పటికే ఉంది. జుట్టు దువ్వుకోలేదు, కళ్లు వాచి ఉన్నాయి. ల్యాప్‌టాప్ సంచి కాళ్ల దగ్గర పడేసి ఉంది. లింబారావు తలకూ కుడి కన్నుకూ కట్టు. ఆ కన్ను ఇక రాదని డాక్టర్ పొద్దునే చెప్పాడట.

"నా లెక్క తప్పింది మేడం" అన్నది వనిత, ఆమెను చూడగానే. "నేను జూన్ అన్న. నేను అనకపోతే పోలీసోళ్లు జూలైల ఉందురేమో. ఈ సారు ఎవలో కూడా నాకు ఎర్కలేదు. నావల్ల కన్ను పోయింది."

అనసూర్య మంచానికి అవతలి వైపు పోయి నిలబడింది. ఇరవై నాలుగో తారీఖున లేచి నిలబడి చెప్పాల్సిన వాక్యం నాలుక మీద ఎండిపోయింది. ఇంతలో లింబారావు 'మేడం' అన్న పిలుపు విని ఎడమ కన్ను తెరిచాడు.

"మేడం, వచ్చిండ్లా" అన్నాడు. పెదవులు వాచి మాట ముద్దగా వస్తోంది. "అకాడి ముందటికి జరిగింది మేడం. మీకు ఫోన్ చేద్దామనుకున్న. మీరు గా రోజు అడిగిండ్లు గదా అకాడి ఎప్పుడని. మేడం అడిగిందంటే పోలీసోళ్లకు చెప్పే ఉంటది అనుకున్న. అందుకే నేను ఎవ్వలికి చెప్పలే. బందోబస్తు ఉంటది అనుకునే నడిమిట్ల నిలవడ్డ."

వనిత తల తిప్పి అనసూర్యను చూసింది. తెలివైన పిల్ల. అకాడి అన్న మాట, అడిగారు అన్న మాట, ముందటికి జరగడం అన్న మాట, మూడూ ఆమె ముఖంలో ఒక్కొక్కటిగా కలవడం అనసూర్యకు కనబడింది.

"ఎప్పుడు అడిగిండ్లు మేడం?"

ఇప్పుడు కూడా అబద్ధం చెప్పవచ్చు. నిన్ననే అనవచ్చు, ఊరికే పండుగ అని అడిగాననవచ్చు. అడ్డుచెప్పేవాళ్లు లేరు.

"జూలై పది" అన్నది అనసూర్య.

"ఆ మూడు జూన్‌లు?"

"కాళీయే బిడ్డా. గొడవలు కాలే. ఆషాఢం ఎనుకకు వచ్చిన ఏండ్లు అవి. నేనేం మరువలే. నీ అంచనా ఒక్కసారి తప్పాలనుకున్న. ఒక్కసారే. తర్వాత నేనే చెప్దామనుకున్న."

లింబారావు వింటున్నాడు. ఉన్న ఒక్క కన్నూ మూసుకుని ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు.

వనిత తిడుతుందేమో, లేచి పోతుందేమో అని అనసూర్య ఎదురుచూసింది. తిడితే బాగుండుననుకుంది.

"మీరు మరిచే మనిషి కాదని నాకు తెల్సు మేడం" అన్నది వనిత చివరికి, మెల్లగా. "ఆ మూడు కాళీలు పూడుస్తుంటె నాకు చెయ్యి రాలే. రెండు దినాలు అట్లనే పెట్టిన. ఆఖరుకు, మీరే అన్నరు గదా, మీకన్న ఎవలికి తెలుస్తది అని పూడ్చిన."

అని, మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. దాపరికం లేకుండా, వార్డులో అందరూ చూస్తుండగా, చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. పక్క మంచం మీది ముసలమ్మ లేచి వచ్చి ఆమె వీపు నిమిరింది, "ఊకో బిడ్డా, ఊకో, నువ్వేం జేసినవే" అన్నది.

అనసూర్య మంచానికి అవతల నిలబడే ఉంది. ఆమెకు కన్నీళ్లు రాలేదు. ఏడ్చే హక్కు కూడా ఆ పిల్లకే ఉంది. ఏ తప్పూ చేయని మనిషిలా అందరి ముందర అలా ఏడవగలిగినందుకు, వీపు నిమిరేవాళ్లు దొరికినందుకు, వనితను చూసి ఆమె కడుపు మళ్లీ మండింది.